థార్న్‌టన్ వారి వరస

మా ఇంటిపేరు థార్న్‌టన్. తిరువూరు సెంటర్లో బస్సు దిగి థార్న్‌టన్ ఏసురత్నం మాస్టారి ఇల్లెక్కడని అడిగితే సోడాబండి దగ్గరివాళ్ళు కూడా చెప్తారు. కాకపోతే "తారంటం మాస్టారేనా?" అని ఒకసారి ఖాయం చేసుకుని మరీ చెప్తారు.

ఏసురత్నం మాస్టారు మా నాన్న. మిషన్ స్కూల్లో చిన్న తరగతులకి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చర్చిలో సంఘ పెద్ద. ఆయనకి పొలం లేదు. ఇల్లు సగం పెంకు, సగం తాటాకు. ఆయన ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది ఆ ఇంటిపేరూ, దాని కథా.

కథ ఇది. మా తాత పేతురు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు కట్లేరుకి వరద వచ్చింది. గుర్రం మీద ఏరు దాటుతున్న థార్న్‌టన్ దొరని నీళ్ళు లాక్కుపోతుంటే, తాత ఈదుకుంటూ వెళ్ళి గుర్రాన్ని కళ్ళెం పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చాడు. దొర తాతని కావలించుకుని, "నేటి నుంచి నీవు నా కుమారుడవు, నా పేరు నీది" అన్నాడు. నాన్న ఆ ముక్క మాత్రం ఇంగ్లీషులో చెప్పేవారు. పదేళ్ళ పిల్లవాడు గుర్రాన్ని ఎలా లాగాడని ఆరో తరగతిలో ఉండగా అడిగాను. "విశ్వాసంతో" అన్నారు. మళ్ళీ అడగలేదు.

నేను మా పేటలో మొదటి బీయేని. చరిత్ర, సెకండ్ క్లాసు. పాసయ్యాక ఉద్యోగం రాలేదు గాని పేరు మారింది. ఇంట్లో అమ్మతో సహా అందరూ నన్ను బీయే అనే పిలిచేవారు. "ఒరే బీయే, కోడి గంప కింద మూశావా?" అని అమ్మ కేకేస్తే వీధిలో పోయేవాళ్ళు కాసేపు ఆగేవారు.

డెబ్బై ఆరు జనవరిలో ఈ చదువుకి ఒక పని పడింది.

మా అక్క ప్రేమావతి రెడ్డిగూడెం స్కూల్లో టీచరు. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. అదే స్కూల్లో దయాకరం అని ఇంకో టీచరు ఉన్నాడు. సొంతూరు వినగడప, తిరువూరులో గది తీసుకుని ఉంటున్నాడు. రెండేళ్ళు ఒకే బస్సులో తిరిగాక ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. నాన్నకి అభ్యంతరం లేదు. గవర్నమెంటు ఉద్యోగం, మన సంఘమే, కుర్రాడు పొగ తాగడు. అబ్బాయి తండ్రి లాజరు గారు తాపీ మేస్త్రి. ఆయనకీ అభ్యంతరం లేదు. అడ్డమొచ్చింది ఒక్కటే. దయాకరం ఇంటిపేరు కూడా థార్న్‌టనే.

ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస. మా పేటలో మేము దేవుణ్ణి మార్చుకున్నాం గాని వరసలు మార్చుకోలేదు. పెళ్ళి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడు లేచి చెప్పాలి. ఇక్కడ చదవకముందే బ్రాడ్లీ అబ్రహాము గారు చెప్పేశారు. ఆయన సంఘ పెద్దలందరికీ పెద్ద. "అన్నాచెల్లెళ్ళ పెళ్ళికి ప్రకటన చదివితే రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగగలమా?" అన్నారు.

ఆయన ఇంటిపేరు గురించి అప్పుడు నేను ఆలోచించలేదు.

ఈస్టరుకి ముందు నలభై రోజుల లెంటు దినాలు మొదలైతే పెళ్ళిళ్ళు ఉండవు. ఈస్టరు దాటితే దయాకరం వాళ్ళమ్మ నూజివీడు సంబంధం ఖాయం చేసేట్టు ఉంది. ఆ పిల్ల ఇంటిపేరు మేకల. ఏ గొడవా లేదు.

"ఒరే బీయే," అంది అక్క ఆ రోజు, పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే. "నీ చదువు ఇన్నాళ్ళకి ఒకదానికి పనికొచ్చేట్టుంది. మన థార్న్‌టన్ వేరు, వాళ్ళ థార్న్‌టన్ వేరు అని తేల్చు."

"తేలకపోతే?"

"నాకు ఇంకో పెళ్ళి అక్కర్లేదు. రోజూ ఆ బస్సే ఎక్కుతాను. ఆయన పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తాను."

పేపరు మీద ఎర్ర సిరా పెద్ద చుక్క పడింది. ఆ పిల్లాడికి ఆ మార్కు కలిపేసింది.

నాన్న కూడా ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "చరిత్ర తియ్యి, మంచిదే. కాని ఒకటి. దొర పేరు పెట్టింది మీ తాతకి. వాళ్ళు మన పేరు చూసి పెట్టుకున్నారని తేలాలి. అలా తేలితే రెండూ వేరు వేరు కుటుంబాలు అయిపోతాయి, నీ అక్క పెళ్ళీ అయిపోతుంది."

చరిత్ర ఎలా తేలాలో ముందే చెప్పి పంపిన నాన్నని గౌరవించి, నేను బెజవాడ బస్సెక్కాను. కాలేజీలో నాకు చరిత్ర చెప్పిన లెక్చరరు గారు ఇంగ్లీషు ఇంటిపేర్ల మీద ఒక లావుపాటి పుస్తకం తీసిచ్చారు. లైబ్రరీలో రెండు రోజులు కూర్చున్నాను. ఇంత శ్రద్ధగా పరీక్షలకి కూడా చదవలేదు.

తిరిగొచ్చేసరికి నాన్న అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. "ఏం తేలింది?"

"థార్న్‌టన్ అంటే ఊరి పేరు నాన్నా. అక్కడ ఊళ్ళని బట్టి ఇంటిపేర్లు వచ్చాయి, మనకిమల్లేనే. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి మాట."

"అర్థం ఏంటి?"

నేను కొంచెం తటపటాయించాను. "ముళ్ళచెట్ల ఊరు."

వీధిలో ఎవరిదో బండి పత్తి వేసుకుని వెళ్ళింది. అది మలుపు తిరిగాక నాన్న అన్నారు: "ప్రభువు తల మీద పెట్టిన కిరీటం దేంతో చేశారు?"

"ముళ్ళతో."

"మరి? అలా చెప్పు. ఊరికే ముళ్ళచెట్లంటావేంటి."

"ఇంకోటి నాన్నా. ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఎవర్నీ థార్న్‌టన్ అనరు. ఊరంతా అదే కదా. ఊరొదిలి ఇంకోచోటికి వెళ్ళినవాణ్ణే, ఫలానా ఊరి నుంచి వచ్చాడని అలా పిలుస్తారు. వాళ్ళు అక్కణ్ణుంచి మిల్లులున్న పట్నాలకి వెళ్ళారు, ఓడలెక్కి అమెరికా వెళ్ళారు, ఆస్ట్రేలియా వెళ్ళారు. పైగా ఆ పేరున్న ఊళ్ళు ఆ దేశంలో చాలా ఉన్నాయి. అందుకని ఇద్దరు థార్న్‌టన్లు కలిస్తే వాళ్ళు చుట్టాలే అవ్వాలని లేదు."

"తిరువూరు ఎలా వచ్చారని ఉంది?"

"తిరువూరు సంగతి అందులో లేదు నాన్నా."

"అంత లావు పుస్తకంలో?" అన్నారు నాన్న. ఆ పుస్తకం మీద ఆయనకి గౌరవం పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు చర్చి పక్క గదిలో కూర్చున్నారు. పాస్టరు గారు మంచివారు, ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళతో ఏకీభవిస్తారు. అబ్రహాము గారు మధ్య కుర్చీలో. వినగడప నుంచి లాజరు గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు గాని గోళ్ళల్లో సిమెంటు అలాగే ఉంది. అక్క గుమ్మం దగ్గర నిలబడింది. దయాకరం బయట కానుగ చెట్టు కింద, ఎవరో నిలబడమని శిక్ష వేసినట్టు నిలబడ్డాడు.

నేను కాగితం చూసి చదివాను. ముళ్ళ కిరీటం నాన్న కోసం కలిపాను. మిల్లులు, ఓడలు, ఆస్ట్రేలియా అన్నీ చెప్పాను. "కాబట్టి ఇంగ్లండులో థార్న్‌టన్లు థార్న్‌టన్లనే పెళ్ళి చేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు" అని ముగించాను.

అబ్రహాము గారు ఓపికగా విన్నారు. "బీయే, వాళ్ళు చిన్నాన్న కూతుర్ని చేసుకున్నా తప్పుపట్టరు, తెలుసా?"

"తెలుసండి."

"వరసలు తెలియని జాతి. వాళ్ళ దగ్గర పేరైతే తీసుకున్నాం గాని, వరసలు కూడా వాళ్ళ దగ్గర్నుంచే తెచ్చుకుందామంటావా?"

పెద్దలందరూ తలూపారు. పాస్టరు గారూ ఊపారు. నా ఎనిమిది వందల ఏళ్ళు అక్కడితో అయిపోయాయి.

అప్పుడు నాన్న గొంతు సవరించుకున్నారు. "మావాడు చదివింది ఇంగ్లండు సంగతి. ఇక్కడి సంగతి నేను చెప్తాను. కట్లేరుకి వరదొచ్చినప్పుడు మా నాన్న థార్న్‌టన్ దొరని గుర్రంతో సహా..."

"ఆగండి మాస్టారూ," అన్నారు లాజరు గారు. "గుర్రం ఎక్కడిది? దొర గుడారంలో నిద్రపోతుంటే తాచుపాము వచ్చింది. మా నాన్న యోహాను దాన్ని తోక పట్టుకుని గిరగిరా తిప్పి నేలకేసి కొట్టాడు. అందుకని దొర పేరిచ్చాడు."

"తాచుపామా?"

"తాచే."

"లాజరు గారూ, మీరు తాపీ పనిలో ఉన్నవాళ్ళు. చరిత్రలో వేలు పెట్టకండి. మా నాన్నకి పేరొచ్చింది చూసి మీవాళ్ళు..."

"చూసి పెట్టుకున్నామనా? మేము తోక తగిలించుకున్నామనా మీ ఉద్దేశం?"

"నేను ఆ మాట అన్లేదు. మీరే అన్నారు."

"ఏసురత్నం!" లాజరు గారు లేచి నిలబడ్డారు. ఆయనకి మాస్టారు అనే మాట జారిపోయింది. "వరదా లేదు, పామూ లేదు. ఆ దొర ఈ దేశం మొహమే చూళ్ళేదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. మిషన్ బోర్డింగులో మీ నాన్న పేతురు ఖాళీ చేసిన మంచం మా నాన్న యోహానుకిచ్చారు. ఆ మంచానికున్న ఇత్తడి రేకు మీది పేరే ఇద్దరికీ రాశారు. మా నాన్న పోయేముందు చెప్పాడు. మీ నాన్న నీకు చెప్పలేదా?"

నాన్న కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. లేదని మాత్రం అనలేదు.

నేను మిగతా పెద్దల మొహాలు చూశాను. బ్రాడ్లీ అబ్రహాము గారు. పక్కన హిల్టన్ సువార్తయ్య గారు. ఆ పక్కన విల్కిన్స్ దేవదానం గారు. అందరూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అందరికీ తెలుసు. ఏ ఇంటి కథ ఆ ఇంట్లో ఉంది గాని, మంచాల సంగతి అందరికీ తెలుసు.

తర్వాత తెలుసుకున్నది ఇక్కడే రాస్తాను. మిషన్ బోర్డింగులో ఒక్కొక్క పిల్లవాడి తిండికీ, బట్టకీ ఇంగ్లండులో ఒకరు డబ్బు పంపేవారు. పంపినవారి పేరు ఇత్తడి రేకు మీద చెక్కి మంచానికి కొట్టేవారు. ఆ మంచం మీద పడుకున్న పిల్లవాడికి అదే పేరు రాసేవారు, మీ పేరుగల పిల్లవాడు బాగా చదువుతున్నాడని ఏటా కబురు పంపడానికి వీలుగా. వాడు వెళ్ళిపోతే తర్వాతవాడికి అదే మంచం, అదే పేరు. అలా అక్కడివాళ్ళ లెక్క ప్రకారం థార్న్‌టన్ అనే పిల్లవాడు ఇరవై ఏళ్ళపాటు ఐదో తరగతి దాటలేదు. అయినా డబ్బు ఆపలేదంటే వాళ్ళ ఓపిక గొప్పది.

ముందు తేరుకున్నది అక్కే. గుమ్మం దగ్గర్నుంచి, "అయితే మా తాతా, వాళ్ళ తాతా చుట్టాలు కారు. ఇంక అభ్యంతరం లేదు కదండీ?" అంది.

అబ్రహాము గారికి అభ్యంతరం ఉంది. ఒకసారి వద్దన్నాక వద్దన్నట్టే ఉండాలనుకునే మనిషి. "అమ్మాయ్, తొందరపడకు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు అన్నదమ్ములు. ఒక పళ్ళెంలో తిన్నవాళ్ళు అన్నదమ్ములు. ఒకే మంచం మీద పడుకుని, ఒకే పేరు పెట్టుకున్నవాళ్ళు ఏమవుతారు?"

"అన్నదమ్ములే" అన్నారు సువార్తయ్య గారు.

"మరి వాళ్ళ మనవలు? ఇంటిపేరు ఇచ్చింది మంచం. కాబట్టి వరస కూడా మంచాన్ని బట్టే. ఇందులో దాపరికం ఏముంది? మాదీ మంచమే. కిటికీ పక్క మంచం." చివరి మాట ఆయన కాస్త గట్టిగా అన్నారు. మిగతావాళ్ళవి కిటికీ పక్కవి కావని అర్థమైంది.

పాస్టరు గారు తలూపారు. లాజరు గారు కుర్చీలో కూలబడ్డారు. నేను కాగితం మడిచాను. చరిత్రలో ఇక నాకు మిగిలింది ఏమీ లేదు.

"మంచాన్ని బట్టేనా అండీ?" అంది అక్క.

"మంచాన్ని బట్టే."

"మీరు మాట మార్చరు కదా?"

"నేను మాట మార్చడం ఎప్పుడైనా చూశావా?"

"అయితే నేను థార్న్‌టన్ని కాను. అమ్మకి జబ్బు చేసినప్పుడు నన్ను బోర్డింగులో వేశారు, ఆరు నుంచి పదో తరగతి దాకా. ఐదేళ్ళూ నేను పడుకున్న మంచం మీద క్లేటన్ అని ఉంది. నిద్ర పట్టేదాకా రోజూ ఆ అక్షరాలే చూస్తూ పడుకున్నాను. మా తాత నాలుగేళ్ళేగా ఆయన మంచం మీద పడుకుంది."

అబ్రహాము గారు కుర్చీలో ముందుకి జరిగారు. "నీ కాలానికి పేర్లు పెట్టడం ఆపేశారుగా."

"పేరు పెట్టడం ఆపారండీ. మంచం ఆపలేదు. మీరు మంచాన్ని బట్టే అన్నారు."

"అన్నారు" అన్నారు లాజరు గారు మళ్ళీ లేస్తూ.

"అన్నారు" అన్నారు పాస్టరు గారు. ఆఖరున మాట్లాడింది లాజరు గారు మరి.

ఆ మంచం చూడందే ఒప్పుకోనన్నారు అబ్రహాము గారు. అందరం లేచాం. చర్చి ఆవరణలోనే ఉన్న బోర్డింగులోకి కొత్త మంచాలు వచ్చాక పాత ఇనప మంచాలన్నీ వెనక రేకుల షెడ్డులో పడేశారు. తలుపు తీస్తే రెండు కోళ్ళు అరుచుకుంటూ బయటికొచ్చాయి. ఒక దాని మీద ఒకటి పడేసిన మంచాలు, బూజు, ఎలకల కంపు. సంఘ పెద్దలు పంచెలు పైకి పట్టుకుని నిలబడితే దయాకరం, నేను మంచాలు లాగాం. అతను అంత ఉత్సాహంగా బరువు మోయడం నేను మళ్ళీ చూడలేదు.

క్లేటన్ మంచం దొరికింది. ఇత్తడి నల్లబడింది గాని అక్షరాలున్నాయి. అక్క చీర కొంగుతో తుడిచి చూపించింది. అబ్రహాము గారు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. "క్లేటనే" అన్నారు చివరికి. "ప్రకటన ఆ పేరుతో చదవండి."

అందరూ వెళ్ళబోతుంటే నాన్న కదల్లేదు. ఆయన మూలనున్న ఇంకో మంచం చూస్తున్నారు. నాకన్నా ముందే ఆయనకి అది కనపడినట్టుంది. వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాను. దీని మీద ఒక్క పేరే కాదు, చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసుంది. ఇంగ్లీషు.

"చదువు" అన్నారు నాన్న.

చదివాను. మనసులోనే.

"పైకి చదవరా."

లాజరు గారు కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు. అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. కాని నన్ను చదివించింది ఆయన. "థార్న్‌టన్ ఊరి సండే స్కూలు పిల్లలు ఇచ్చినది."

"దొర పేరు?"

"లేదు నాన్నా."

"కింద చూడు."

"కింద మేకు ఉంది."

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, తనే వంగి వేలితో ఒక్కొక్క అక్షరం తడుముతూ చదువుకున్నారు. ఒకటో తరగతి పిల్లలకి ఆయన అలాగే చదవడం నేర్పేవారు. "దొరే లేడా అయితే?" అన్నారు లాజరు గారు మెల్లగా. ఆయన పామైతే ఆ గదిలోనే చచ్చింది, ఇప్పుడు దొర కూడా పోయాడు. ఇద్దరూ కాసేపు ఆ మంచానికి చెరోపక్క నిలబడ్డారు. వెనక నుంచి అబ్రహాము గారు, "మిగతావి చదవక్కర్లేదులే బీయే, టైమైంది" అన్నారు. కిటికీ పక్క మంచం కూడా అక్కడే ఎక్కడో ఉంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. క్లేటన్ ప్రేమావతికీ, థార్న్‌టన్ దయాకరానికీ. ఎవరూ లేచి అభ్యంతరం చెప్పలేదు. అమ్మ మాత్రం మొదటిసారి విని, "ఎవరే ఈ పిల్ల?" అని పక్కావిణ్ణి అడిగింది. లెంటు మొదలవడానికి ముందు వారం పెళ్ళయింది. ఆ రోజు చర్చిలోంచి బయటికొచ్చేసరికి అక్క మళ్ళీ థార్న్‌టన్ ప్రేమావతి. ఒక నెల్లాళ్ళు ఊరెళ్ళి వచ్చినట్టు అయింది ఆమె ఇంటిపేరు.

నాకు మాత్రం నాన్న గురించి బెంగగా ఉండేది. ఆ మధ్యంతా ఆయన ఎవరితోనూ కట్లేరు మాట ఎత్తలేదు. పెళ్ళి భోజనాల దగ్గర, పందిట్లో మాంసం కూర బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ చూశాను. నాన్నా, లాజరు గారూ పక్కపక్కన కూర్చున్నారు. ఎదురుగా వినగడప చుట్టాలు. నాన్న గొంతు సవరించుకోవడం వినపడింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"దొర అని అందరూ అనుకుంటారండీ," అంటున్నారు నాన్న. "ఒక్క దొర ఇస్తే వచ్చిన పేరు కాదు మాది. ఒక ఊరు. ఊరు ఊరంతా. చిన్నపిల్లలు చేతిలో ఉన్నది దాచుకుని, ఓడలో పంపించి, మా నాన్నకి ఒకటి, మా బావగారి నాన్నగారికి ఒకటి..."

"ఒకటే మంచం బావగారూ" అన్నారు లాజరు గారు.

"ఒకటే మంచం. కానుక పెద్దది." నాన్న నన్ను చూశారు. "ఏరా బీయే, ఎంతమంది పిల్లలని రాసుంది ఆ రేకు మీద?"

"ఎంతమందో రాయలేదు నాన్నా."

నాన్న చుట్టాల వైపు తిరిగారు. "చూశారా? రాయడానికి చోటు చాల్లేదు. అంతమంది."

లాజరు గారు గట్టిగా తలూపారు. నేను ఇద్దరి విస్తళ్ళలోనూ ఇంకో ముక్క వేసి పక్క వరసకి వెళ్ళాను.